మండపంలో దులిపేసిన ఆకాశం

పొద్దున ఆఫీసు బస్సులో ఫోన్ తెరిస్తే, గెలాక్సీల మధ్య ఇన్నాళ్లూ ఎవరికీ కనపడకుండా ఉన్న పదార్థం బయటపడిందని వార్త. సంబరంగా కిందికి జరిపాను. మొదటి వ్యాఖ్య, కిలో ఎంత అని. ఆ తర్వాతది, మా వీధిలో నీళ్లు దొరకవు గానీ వీళ్లకు ఇది దొరికిందట అని. ఇంకొకాయన ఇదంతా మన పెద్దలకు ఎప్పుడో తెలుసని తేల్చేశాడు. కింద ఒకటే నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ నవ్వు నాకు కొత్త కాదు, నంద్యాలలో ఒకసారి ఎదురుగా నిలబడి భరించాను.

నేను పెరిగింది హైదరాబాదులోనే అయినా, డిగ్రీ రోజుల్లో వినాయక చవితికి నంద్యాలలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆ వీధి కమిటీలో అందరూ మగపిల్లలే. మండపం కట్టేది వాళ్లు, తెల్లారి లేచి ఊడ్చి ముగ్గు పెట్టేది ఆడవాళ్లు. కమిటీకి పెద్ద మా పెద్దమ్మ కొడుకే. పోట్లాడగా పోట్లాడగా అన్నయ్య ఒక ఏడాది అలంకరణ నాకు అప్పగించాడు, ఒక షరతు మీద: జనం మెచ్చుకుంటే వచ్చే ఏటి నుంచి ఆడపిల్లలకూ కమిటీలో చోటు, లేదంటే ఇక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు.

అప్పుడూ ఇలాంటి వార్తే ఫోన్లో చదివి ఉన్నాను, గెలాక్సీల నడుమ ఉన్నది ఉత్త ఖాళీ కాదనీ, సన్నటి పోగుల్లా వేడి వాయువు పరుచుకుని ఉందనీ. మండపంలో నల్ల గుడ్డ కట్టి, గెలాక్సీలుగా చిన్న బల్బులు పెట్టి, ఆళ్లగడ్డ నుంచి పిన్ని పంపిన పత్తిని వేళ్లతో సాగదీసి, బల్బు నుంచి బల్బుకు, స్వామి తల మీదుగా, ఊపిరి తగిలితే ఊగేంత పలచగా అల్లాను.

చవితి పొద్దున వెళ్లి చూస్తే ఒక్క పోగు లేదు. పెద్దమ్మ బూజుకర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"సామి నెత్తిన ఇంత బూజు పెట్టుకోని పూజ ఎట్ల జేస్తారే? ఈ మగపిల్లోళ్లకు కండ్లే కనపడవు. అంతా నేనే దులిపేసినా."

నేను పెట్టిన కేకలకు వీధంతా పోగయింది. అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"కనపడనిదే గదా పాపా అది? ఇప్పుడు గూడా కనపడ్డంల్యా. ఏం ఏడుస్తాండావ్!"

ఫోన్ చేస్తే పిన్ని ఇంకో సంచి పత్తితో బస్సెక్కి వచ్చింది. ఇద్దరం కూర్చుని సాయంత్రానికి సగమే అల్లగలిగాం. జనం వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, సామిని ఈ చీకట్లో పెట్టినారేందప్పా అన్నారు, పక్క వీధిలో మంచు లింగం పెట్టారని అటు పోయారు. నవ్వినందుకు కాదు నా కోపం, అదేమిటని ఒక్కరూ అడగనందుకు. కమిటీలో ఆడపిల్లల మాట ఆ రాత్రితోనే ముగిసింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగింది పెద్దమ్మ ఒక్కతే, "యాడుందే అది? మన నెత్తి మీదనేనా?" అని. చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు.

ఇప్పుడా వీధిలో గుడ్డ కట్టేవాళ్లు లేరు, బల్బులు పెట్టేవాళ్లు లేరు. పెద్ద తెర అద్దెకు తెస్తారు, రంగులన్నీ అందులోనే తిరుగుతుంటాయి. కమిటీలో ఇంకా అందరూ మగపిల్లలే. చందాకు వచ్చిన ప్రతిసారీ పెద్దమ్మ వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి, మా పాప కట్టినట్ల మళ్లా ఎవురన్నా కట్టినారాప్పా అని అడుగుతుందట. వాళ్లు నవ్వి వెళ్లిపోతారట. ఆ సంగతి ఆమె ఫోన్లో చెబుతుంటే, ఇక్కడ నేను పళ్లు కొరుక్కుంటూ వింటాను.