అవ్వకు ముట్టని ఒపీనియన్

బాన్సువాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొన్నాళ్లు నేను అక్యూట్ వార్డు డాక్టర్‌గా పనిచేశాను. ఉన్నట్టుండి జబ్బు ముదిరి వచ్చినవాళ్ల ప్రాణం ముందు మేము నిలబెట్టాలి. తర్వాత ఏ విభాగం కేసైతే ఆ విభాగానికి అప్పగించాలి. నిలబెట్టడం నాకు బాగానే వచ్చు. అప్పగించేసరికే నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకరోజు బీర్కూర్ నుంచి నాట్లు వేసే అవ్వ ఒకామె వచ్చింది. షుగర్ నాలుగు వందలు దాటింది, పాదం నిండా చీము. త్వరగా తీయకపోతే కాలు దక్కదు. "కాలు లేకుంటే మడిలకు ఎట్ల దిగాలె బిడ్డా?" అని నన్ను అడుగుతూనే ఉంది.

సర్జన్ గారు ఫోన్లోనే, "షుగర్ తగ్గించి పంపండి, చీము తీస్తా" అన్నారు. చీము తీస్తేనే షుగర్ తగ్గుతుందని షుగర్ డాక్టరు గారు రాశారు. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఎముక బాగుంది కాబట్టి ఇది తన కేసు కాదని సంతోషంగా రాసి వెళ్లిపోయారు. దీన్నే మేం ఒపీనియన్ ఇవ్వడం అంటాం. కేస్ షీట్ లావెక్కింది, పాదమూ లావెక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది. అవ్వ అడిగినప్పుడల్లా నర్సు మాత్రం, "సార్లు ఒపీనియన్ ఇచ్చిండ్రు అవ్వా" అని చెబుతూ వచ్చింది.

మర్నాడు సర్జన్ గారిని దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అవ్వ లేచి కూర్చుంది.

"సారూ, నువ్వు గూడ ఒపీనియన్ ఇచ్చినవంట గదా. ముగ్గురిచ్చిండ్రంట. నాకు ఒక్క గోలి గూడ ముట్టలే. గీ నర్సమ్మ ఏడ దాసిందో అడుగు."

వార్డంతా నవ్వింది. నర్సు మొహం మాడిపోయింది. సర్జన్ గారు నవ్వుతూనే కట్టు విప్పారు. పాదం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"థియేటర్ రెడీ చేయించండి. షుగర్ సంగతి నా పక్కనే ఉండి మీరు చూసుకోండి" అన్నారు నాతో.

ఆ మధ్యాహ్నమే చీము తీశారు. నేను పక్కనే ఉండి షుగర్ చూసుకుంటూ ఇన్సులిన్ ఎక్కించాను. కాలు దక్కింది. చిటికెనవేలు మాత్రం అప్పటికే నల్లబడింది, తీసేయక తప్పలేదు.

ఇంటికి వెళ్లే రోజు కట్టు మారుస్తుంటే అవ్వ తన పాదం వంక చూసుకుంది.

"మంచి మందే బిడ్డా గా ఒపీనియన్. వచ్చిన్నాడే ఇచ్చుంటే గీ యేలు గూడ ఉంటుండె గదా?"

నేను తలెత్తకుండా కట్టు కట్టాను.