ఖిన్‌కు చేరని మాట

ఒక ముసలాయన నాకు అప్పగించిన మాటను చేరవలసిన మనిషికి చేర్చలేదు. ఇన్నేళ్లుగా అది నా గుండెల మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర అమెరికాలో చరిత్రలో పీహెచ్‌డీ చేసేవాణ్ణి. బర్మా అమ్మాయి ఖిన్ నా సహాధ్యాయి, స్నేహితురాలు. ఇద్దరి అంశమూ ఒకటే. ఒకప్పుడు రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా వాళ్లకూ జరిగిన కొట్లాటలు. నా థీసిస్‌లో మనవాళ్లు చచ్చిపోయినవాళ్లే తప్ప చంపినవాళ్లు కారు. ఖిన్ తాతను మాత్రం తెలుగు కూలీలే కొట్టి చంపారని వాళ్ల నాయనమ్మ చెప్పేదట. మనవాళ్లూ చంపారనడానికి ఆమెకు సాక్ష్యం కావాలి. తెలుగు రాదు కనుక నన్ను నమ్ముకుంది.

ఆ రేవులో పనిచేసిన అప్పలస్వామి గారు న్యూజెర్సీలో కూతురింట్లో ఉన్నారని తెలిసి ఇద్దరం కార్‌లో వెళ్లాం. ఆయనకు ఇంగ్లీషు రాదు, బర్మా భాష ఎప్పుడో మరిచిపోయారు. మనవాళ్ల చావుల గురించి తెలుగులో చాలాసేపు చెప్పారు. తర్వాత టేప్ రికార్డర్ ఆపించి, ఖిన్ వైపు చూశారు.

“మేవూ కొట్టినాం బాబూ. ఏ పాపం ఎరగనోల్లని. ఒకడు నా సేతిలోనే పోనాడు. ఆ పిల్లకి సెప్పు. తప్పయిపోనాదని సెప్పు.”

“ఏమంటున్నారు?” అని ఖిన్ ఇంగ్లీషులో అడిగింది.

“నిన్ను చూస్తే రంగూన్ గుర్తొస్తోందట,” అన్నాను.

ఆమె లేచి వెళ్లి ఆయన చేయి పట్టుకుంది. క్షమించిందనుకుని ఆయన ఏడ్చారు.

ఎందుకలా అన్నాను? నోరు జారిందా? లేదు. పరాయి దేశపు మనిషి ముందు మనవాళ్ల పరువు పోకూడదనుకున్నాను. చరిత్రకారుడికి దేశం లేదని క్లాసులో పిల్లలకు చెప్పేవాణ్ణే, ఆ సోఫాలో అచ్చంగా ఇండియా వాణ్ణయిపోయాను, అదే పని ఖిన్ చేసి ఉంటే దేశాభిమానం ఆమె కళ్లు కప్పేసిందని పేపర్ రాసి పారేసేవాణ్ణి.

తర్వాత మా ప్రొఫెసర్ నన్నే అడిగారు, తామూ చంపామని తెలుగు వాళ్ల నోట ఎప్పుడైనా విన్నావా అని. ఖిన్ నా వైపు చూసింది. వినలేదన్నాను. ఆమె తన థీసిస్‌లోంచి ఆ హత్యల అధ్యాయం తీసేసింది.

“మా నాయనమ్మ కల్పించిందేమో,” అంది ఆ సాయంత్రం. నాకు థాంక్స్ కూడా చెప్పింది.

నా థీసిస్‌కు మంచి పేరొచ్చింది. ఖిన్ రంగూన్ వెళ్లిపోయింది. నాయనమ్మ అప్పటికింకా బతికే ఉంది. ఆ ముసలామెను ఇక ఏ కళ్లతో చూసిందో తలచుకుంటే నాకు దుఃఖం ఆగదు.

క్షమించమని అడగను. అప్పలస్వామి గారు లేరు. ఆయన చెప్పమన్నది ఇప్పుడు చెబుతున్నాను. ఖిన్, ఆయన రంగూన్ గురించి అనలేదు. తప్పయిపోయిందని నీకు చెప్పమన్నారు.