ముడుల తాడు పట్టుకుని బ్యాంకుకు

ఆ రోజుల్లో చేతిలో ఒక ఫోనూ, ఆ ఫోనుకు తగిలించిన ఒక బ్యాంకు అకౌంటూ ఉంటే చాలు, మనిషి నడకే మారిపోయేది. ఆ రోజులంటే తాతల కాలం కాదు, ఆరేడేళ్ళ కిందటి సంగతే. ఉదయగిరి టీ అంగళ్ళలో స్కాన్ చేసే అట్టముక్కలు అప్పుడప్పుడే వేలాడదీస్తున్నారు. నాకు ఇరవై ఒకటి. ఆత్మకూరులో డిగ్రీ చదవడానికి వెళ్ళి, రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని (ఇంట్లో మాత్రం ఒకటే అని చెప్పాను) తిరిగొచ్చాను. చదువు వల్ల నాకు దక్కింది కాలేజీ రోజుల్లో ఆత్మకూరు బ్యాంకులో తెరిచిన అకౌంటు ఒక్కటే. ఖాళీగా కూర్చుంటే చెడిపోతానని అమ్మ నన్ను మా మేనమామ వెంట గొర్రెల మందలోకి తోలింది.

వరికోతలు అయిపోగానే మా వైపు గొర్రెలవాళ్ళు జీవాలను తోలుకుని ఆత్మకూరు, జలదంకి వైపు మాగాణి పొలాలకు దిగుతారు. పగలు మేపడం, రాత్రికి ఏదో ఒక రైతు పొలంలో మంద కట్టడం. తెల్లారేసరికి ఆ పొలం నిండా పెంటికలు పడి ఉంటాయి, అంతకు మించిన ఎరువు లేదు కనుక రైతు రాత్రికి ఇంత అని ఇస్తాడు. మా మందలో ఐదు కుటుంబాల జీవాలు, అన్నీ కలిపి నాలుగు వందల పైమాటే. మామ మంద పెద్ద. ఆయన లెక్కలన్నీ నడుముకు చుట్టుకున్న ఉన్ని తాడులో ఉండేవి. రాత్రికి ఒక ముడి, రైతు మారితే ఒక పెద్ద ముడి, డబ్బులు రాని రాత్రి ముడిలో ఒక ఎర్రగుడ్డ పీలిక. డబ్బులు ముట్టాక ఆ పీలిక పీకేస్తాడు. ఇంతకంటే పెద్ద ఆడిట్ నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ ఏడాది రైతులు నోట్లివ్వడం మానేసి "నంబరు చెప్పబ్బయా, కొట్టేస్తా" అనడం మొదలుపెట్టారు. మామకు అప్పట్లో ఫోను లేదు. "మా అల్లుడి ఫోనుకు వెయ్యండి" అన్నాడు. అంతే, నా దశ తిరిగింది. రాత్రి రైతు డబ్బులు వేస్తే, పొద్దున్నే నేను ఆత్మకూరు వెళ్ళి తీసుకొచ్చి ఐదు కుటుంబాలకూ పంచేవాణ్ణి. మందలో అందరికంటే పెద్దవాడు, ఎండాకాలంలో కూడా గొంగడి వదలడని మేమంతా గొంగడి తాత అని పిలిచే ఆయన నాకు ఏటీఎం అని పేరు పెట్టాడు. "ఒరే ఏటీఎం, రేపు ఎంత కక్కతావు రా" అనేవాడు. పైకి చిరాకుపడేవాణ్ణి గానీ, ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల గర్వంగా ఉండేది.

చివరి నెల మాత్రం డబ్బులు తీయొద్దన్నాడు మామ. సోమశిల వైపు ఒక ఆసామికి మంచి బీడు ఉంది, బోరు నీళ్ళు కూడా ఉన్నాయి. వేసవి రెండు నెలలకూ ఆ బీడు మాకు ఇస్తానన్నాడు. శుక్రవారం సాయంత్రంలోగా డబ్బులు ముట్టకపోతే కలిగిరి వాళ్ళ మందకు ఇచ్చేస్తానని కూడా చెప్పాడు. ఇటు పొలాల్లో గడ్డి అయిపోయింది. ఆ బీడు తప్పిపోతే నాలుగు వందల జీవాలను ఎండలో ఎటు తోలాలో ఎవరికీ తెలియదు. ఆ డబ్బంతా నా అకౌంటులో ఉంది.

మంగళవారం పొద్దున ఆత్మకూరులో ఏటీఎంలో కార్డు పెడితే బయటకు నెట్టింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ నెట్టింది. కార్డును చొక్కాకు తుడిచి, ఊది, దండం పెట్టుకుని పెట్టాను. (డిగ్రీ చదివినవాణ్ణి, గుర్తు పెట్టుకోండి.) బ్యాంకు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, తలుపు తీయగానే లోపలికి పరిగెత్తాను. కౌంటరులో కొత్తగా వచ్చిన మేడమ్, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది.

"మీ అకౌంట్ క్లోజ్ అయిందండీ."

"నేను మూయమనలేదే మేడమ్."

"మీరు కాదు, బ్యాంకే క్లోజ్ చేసింది."

"ఎందుకని?"

"రీజన్ ఇక్కడ కనిపించదండీ. పైనుంచి చేశారు."

"డబ్బులో?"

"ఉంటాయి, పోవు. ప్రాసెస్ ఉంటుంది. మీ పేరు మీద చెక్ ఇస్తారు, వేరే అకౌంట్‌లో వేసుకోవచ్చు."

పక్క వీధిలో ఇంకో బ్యాంకుకు పోతే, కొత్త అకౌంటు రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఇంకోచోట, పాత బ్యాంకు ఎందుకు మూసిందో రాయించుకు రమ్మన్నారు. ఆ రాయించుకునే కాగితం కోసం మళ్ళీ మేడమ్ దగ్గరికి వెళితే, కారణం తమకే తెలియనప్పుడు ఏమని రాసిమ్మంటారని అడిగింది. ఆ మూడు బ్యాంకుల మెట్ల మధ్య మధ్యాహ్నం దాకా తిరిగి, నోరు ఎండిపోయి, ఉత్త చేతులతో మంద దగ్గరికి వచ్చాను. దారి పొడుగునా నేను చేసిన పాపాలన్నీ నెమరు వేసుకున్నాను. పరీక్షలో చిట్టీ పెట్టింది బ్యాంకుకు తెలిసిందా అని కూడా ఆలోచించానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

విషయం చెప్పగానే మందలో తలా ఒక మాట అన్నారు. గొంగడి తాత మాత్రం చాలాసేపు నన్ను తేరిపార చూసి, "బ్యాంకోళ్ళకు ఏం పనిరా నీ అకౌంటు మూసేదానికి? నువ్వు ఏదో చేసుండాలి. లేదంటే డబ్బులు నువ్వే తినుండాలి" అన్నాడు. మిగతావాళ్ళు జీవాలను అదిలించుకుంటూ అటు తిరిగారు. అది చూసి ఇంకా భయం వేసింది. మామ గొర్రెపిల్ల కాలికి ముల్లు తీస్తూ, "మా అల్లుడు అట్టాంటోడు కాదులే. రేపు మంద వదిలి రాలేను, గురువారం నేనూ వస్తా పద. లెక్క చూపిస్తే వాళ్ళే ఇస్తారు. తాడు తెస్తా" అన్నాడు. గొంగడి తాత తానూ వస్తానన్నాడు, నా మీద నమ్మకం లేక.

తాడు అనగానే నా ప్రాణం మీదికి వచ్చింది. ఇక్కడ మీకొక మాట చెప్పాలి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తాడులో అప్పటికి మూడు ఎర్ర పీలికలు ఉన్నాయి, మూడూ జలదంకి రైతువి. ఆ రైతు మూడు రాత్రుల డబ్బూ నిక్షేపంగా నా ఫోనుకు వేశాడు. "ఇంకా పడలేదు మామా" అని చెప్పి, మర్నాడే ఆ డబ్బుతో ఆత్మకూరులో తెల్ల బూట్లు కొన్నాను. (పెంటికల్లో తిరిగేవాడికి తెల్ల బూట్లు. నన్ను ఏమనాలో మీరే అనుకోండి.) స్నేహితుడు ఇచ్చాడని చెప్పాను. తర్వాత నా వాటాలోంచి కలిపేద్దామనే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఈలోగా మామ ఆ రైతుకు నా ఫోను నుంచే ఫోను చేయించాడు. స్పీకరు పెట్టి ఫోను నేనే పట్టుకున్నాను. "నేను ఎప్పుడో వేసినా పెద్దాయనా, మీవోడి ఫోను చూసుకో" అన్నాడు రైతు. "మా అల్లుడు చూసే చెప్పినాడు. వాడు అబద్ధం ఆడడు. పెద్దమనిషివి, మూడు రాత్రుల డబ్బుకు కక్కుర్తి పడతావా" అన్నాడు మామ. ఆ మాట నా చేతిలోని ఫోనులోంచి జలదంకి దాకా వెళ్ళింది. నేను స్పీకరు ఆపేశాను.

అందుకని గురువారం బస్సులో నా బాధ రెండు రకాలుగా ఉంది. డబ్బులు రాకపోతే జీవాలకు మేత లేదు. డబ్బులు రావాలంటే స్టేట్‌మెంటు తీయాలి. "మీరెందుకు మామా, ఏసీకి మీకు జలుబు చేస్తుంది, నేను మాట్లాడుకుంటా" అని రెండుసార్లు చెప్పి చూశాను. "నాకు జలుబు చెయ్యదు" అన్నాడు మామ. బస్సు టైరు పంక్చరు కావాలని మొక్కుకున్నాను. ఆ రోజు బస్సు పది నిమిషాలు ముందే ఆత్మకూరు చేరింది.

చేతికర్రలతో, గొంగడితో, గొర్రెల వాసనతో ముగ్గురం లోపలికి వెళితే లైనులో వాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. మేడమ్ నన్ను గుర్తుపట్టి, నా అకౌంటు వివరాలు ముందు పెట్టుకుని, "ఇంతమంది మీకు డబ్బులు ఎందుకు వేశారండీ? రోజుకో కొత్త పేరు ఉంది" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మామ ముందుకు వచ్చాడు.

"పెంటికలకమ్మా."

"దేనికి?"

"గొర్రె పెంటికలకు. రాత్రి పొలంలో మంద కడతాం. పొద్దున్నే లేచి పోతాం. దానికి ఇస్తారు."

మేనేజరు గది తలుపు సందులోంచి ఒక తల బయటకు వచ్చింది. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, ఇది లెటరులో రాసి ఇవ్వాల్సి ఉంటుందని, దానికి ఏదైనా రుజువు ఉందా అని అడిగింది. మామ నడుముకు చుట్టిన తాడు విప్పి గాజు బల్ల మీద పొడుగ్గా పరిచాడు. ఆ పిల్ల మంచిది. వద్దనలేదు. స్టేట్‌మెంటు ప్రింటు తీసి, ఒక్కో పేరూ తేదీ చదవడం మొదలుపెట్టింది. మామ ఒక్కో ముడి మీద వేలు పెట్టి, చూడకుండానే, "నాలుగు రాత్రులు", "రెండు రాత్రులు, రెండోది వాన పడింది, సగమే ఇచ్చినాడు" అంటూ వచ్చాడు. సగం డబ్బుతో సహా అన్నీ కలిశాయి. మేడమ్‌కు కూడా ఉత్సాహం వచ్చింది. ఎర్ర పీలికలకు ఇంకా ఎన్ని ముడులు ఉన్నాయో నేను లెక్కపెడుతున్నాను. లెక్క ఎర్ర పీలికల దగ్గరికి వచ్చింది.

"ఇవి మూడూ బాకీలేమ్మా, దాటెయ్" అన్నాడు మామ.

మేడమ్ కాగితం మీద వేలు జరిపి, "లేదండీ, ఇవి కూడా పడ్డాయి. జలదంకి అని ఉంది చూడండి. మర్నాడే డ్రా చేశారు కూడా" అంది. పాపం, సాయం చేస్తున్నాననే అనుకుంది.

నేను కౌంటరుకు దారంతో కట్టేసిన పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాను. అంత శ్రద్ధగా నేను ఏ పుస్తకమూ చూడలేదు. మామ తల తిప్పలేదు. నా మొహం వైపు గానీ, కాళ్ళ వైపు గానీ చూడలేదు. గోటితో ఆ మూడు పీలికలూ ఒకటొకటిగా పీకి జేబులో వేసుకున్నాడు. "సరిపోయిందమ్మా" అన్నాడు. గొంగడి తాత "ఏందబ్బా, మరి వీడు..." అని మొదలుపెట్టాడు. "సరిపోయిందన్నా గదా" అన్నాడు మామ. తాత గొంగడి సర్దుకున్నాడు.

ఆ తర్వాత పని తొందరగానే అయింది. చాలా ఏళ్ళ కిందట ఊరికి బ్యాంకువాళ్ళు వచ్చినప్పుడు మామ వేలిముద్ర వేసి తెరిచిన అకౌంటు ఒకటి ఇదే బ్యాంకులో ఉందని, అది ఇంకా బతికే ఉందని మేడమ్ కనిపెట్టింది. నా అకౌంటులోని డబ్బు దానికి మార్చమని నా చేత లెటరు రాయించి, మేనేజరు దగ్గర గంటసేపు నిలబడి సంతకం పెట్టించుకొచ్చింది. వచ్చేటప్పుడు మళ్ళీ అడిగాను, అసలు ఎందుకు మూశారని. గొంతు తగ్గించి, "నిజంగా నాకూ తెలియదండీ. మేము అడిగినా చెప్పరు" అంది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆసామికి డబ్బులు ముట్టాయి. ఆదివారానికి జీవాలు సోమశిల బీడులో తలలు దించుకుని మేస్తున్నాయి. ఆ రెండు నెలల్లో మామ నన్ను బూట్ల గురించి గానీ, జలదంకి గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా తయారు చేసుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ అక్కరకు రాలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

మరుసటి ఏడాది కోతలు కాగానే మామ మందను నేరుగా జలదంకికి తోలించాడు. అదే రైతు పొలంలో మూడు రాత్రులు కట్టాం. నాలుగో పొద్దున రైతు జేబులో చెయ్యి పెట్టబోతే మామ వద్దన్నాడు. "పోయినేడు నీ మీద నోరు జారినా అబ్బయా. తప్పు నాదే" అన్నాడు. నేను పక్కనే కుక్కను పట్టుకుని నిలబడ్డాను. తప్పు నాది అని చెప్పాల్సినవాణ్ణి, వంగి కుక్క మెడలో పల్లేర్లు ఏరుతూ ఉండిపోయాను. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి నాకు ఉదయగిరిలో వేరే బ్యాంకులో కొత్త అకౌంటు వచ్చింది, ఎనిమిది నెలలు తిరిగితే. తర్వాతి రైతు "నంబరు చెప్పబ్బయా" అనగానే ఫోను తీసి, "మామా, కొత్త అకౌంటు వచ్చింది, నాకు వేయించుకుందాం" అన్నాను. మామ నా భుజం తట్టాడు. "మంచిది అల్లుడా. నీ డబ్బులు దాంట్లో దాచుకో" అన్నాడు. రైతు వైపు తిరిగి తన కొత్త ఫోను నంబరు పది అంకెలూ తడుముకోకుండా చెప్పాడు. అక్షరం రాని మనిషి, ఎన్నాళ్ళు బట్టీ పట్టాడో.

అకౌంటు ఎందుకు మూశారని బ్యాంకుకు నేను మూడు అర్జీలు పెట్టాను. తమ నిబంధనల ప్రకారం మూశామని ఒకే ఒక్క లైను జవాబు వచ్చింది. రాత్రిపూట ఎవరెవరో వేసిన డబ్బును తెల్లారేసరికి ఊడ్చుకుపోయే ఇరవయ్యొక్కేళ్ళ నిరుద్యోగిని చూసి వాళ్ళు ఏమనుకున్నారో నేనే ఊహించుకోవాలి. రైతులకు నా నంబరు ఎందుకు చెప్పడం లేదని మామను మాత్రం అడగలేదు, అర్జీ పెట్టుకునే ముఖం నాకు లేదు.

ఇప్పుడు నాకు ఆత్మకూరులో పశువుల మందుల అంగడి ఉంది. మామ నెలకోసారి జీవాలకు మందు కోసం వస్తాడు, ఊరికే ఇస్తానంటే తీసుకోడు. తన ఫోనుతో తనే స్కాన్ చేసి, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడతాడు.

"పడిందా అల్లుడా?"

"పడింది మామా."

అని ఊరుకోవచ్చు, ఆయన కూడా ఇంకేమీ అడగడు. కానీ నేను ఫోను తిప్పి, అంకెలు కనపడేలా ఆయన కళ్ళ ముందు పెడతాను. ఆయనకు చదవడం రాదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా కళ్ళు చికిలించి తీరిగ్గా చూసి, తల ఊపి వెళతాడు. ఆ బూట్ల కుర్రాణ్ణి తలుచుకుని నేనొక్కణ్ణే నవ్వుకుంటాను.