చీటీ మీద ఒక్క మాట

1984 ఫిబ్రవరి 12, ఆదివారం. నూజివీడు దగ్గర మా బావగారి మామిడితోట. ఉన్నవాళ్ళు: బావగారు, మెకానిక్, అమ్మ, నేను.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. కింద రాసిన వేళలు కూడా అందులోవే.

అప్పటికి అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. నన్ను దగ్గును బట్టి, అల్లుణ్ణి చెప్పుల చప్పుడును బట్టి గుర్తుపట్టేది. బైబిలు నేను చదివి వినిపిస్తే, “పాఠం చెప్పినట్టు చదువుతావేంట్రా” అని విసుక్కునేది. ఏలూరులో ఆపరేషన్‌కు రెండుసార్లు రోజు కుదిరింది. రెండుసార్లూ బయల్దేరే ముందురోజు మానేసింది. కిందటేడు బస్సు మెట్టు మీద నుంచి జారిపడ్డాక మళ్ళీ బస్సెక్కలేదు. ఈసారి బావగారి అంబాసిడర్లో అయితే వస్తానంది. సోమవారం ఉదయం ఎనిమిదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఇదీ తప్పితే ఇక ఆవిడ ఒప్పుకోదని నాకు తెలుసు.

శనివారం సాయంత్రం కారు ఎడమ వెనక చక్రం కీచుమనడం మొదలుపెట్టింది. కుడి చక్రానికి కిందటి వారమే బ్రేకు లైనర్లు మార్పించారు. ఎడమవైపు డ్రమ్ము పట్టేసి ఊడకపోతే, “ఇంకో నెల తిరుగుద్దిలెండి” అని మెకానిక్ వదిలేశాడట.

నేను చర్చి నుంచి వచ్చేసరికి అతను షెడ్డు ముందు కారును జాకీతో పైకెత్తి ఉంచాడు. చెట్లు పూత మీదున్నాయి. తేనెమంచు పురుగు జిగురు రాలి కారు టాపు చేతికి అంటుకుంటోంది. అమ్మ షెడ్డులో నులకమంచం మీద, ప్రయాణం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఆదివారం పూట ఏం పనిరా ఇది?”

“మీ కోసమే కదండీ అత్తయ్యగారూ. పాపమేవన్నా ఉంటే మేష్టారు రాసిపెడతార్లెండి, డైరీ చేతిలోనే ఉంది” అన్నారు బావగారు.

చక్రం వెనక గిన్నెలా ఉండే ఆ డ్రమ్ము ఊడటానికి గంట పట్టింది. లోపల రెండు బ్రేకు షూలుంటాయి. వంపు తిరిగిన ఇనప ముక్కలు, వాటి మీద రాపిడికి అరిగే పట్టీ, అదే లైనరు. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. ఒకటి బండి ముందు వైపుకు, ఒకటి వెనక వైపుకు ఉండాలి. చూడటానికి ఒకేలా ఉంటాయి గాని ఒకదానికి లైనరు కాస్త పైకి, రెండోదానికి కాస్త కిందికి బిగించి ఉంటుంది. తారుమారైతే పట్టు పోతుంది.

“గుర్తుకు చీటీ కడదాం” అన్నాను. పాత ప్రశ్నపత్రం చింపి, ‘ముందు’ అని రాసి, పురికొసతో ఒక షూకు కట్టాను. ఒకదానికి గుర్తుంటే రెండోది ఏదో తెలుస్తుంది కదా.

మెకానిక్ ఆ రెండూ సంచిలో వేసుకుని, కొత్త లైనర్లు కొట్టించడానికి హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు. రెండింటికల్లా వస్తానన్నాడు. రెండైంది, మూడైంది. బస్సు చప్పుడు వినపడిన ప్రతిసారీ గేటు దాకా వెళ్ళి వచ్చాను.

“ఏవయ్యా, నువ్వెళ్ళి నిలబడితే బస్సు తొందరగా వస్తదా?” అన్నారు బావగారు. అలా అంటూనే ఆయనా నా వెనకే వచ్చేవారు.

3.40కి మెకానిక్ దిగాడు. ఆదివారమని కొట్టు మూసి ఉందట, ఇంటికెళ్ళి ఆసామిని లేపుకొచ్చాడట. “మేష్టారు చీటీ కట్టారుగా, ఇంక చూసేదేవుంది” అంటూ చకచకా బిగించేశాడు.

బావగారు తోట దారిలో జోరుగా పోనిచ్చి గట్టిగా బ్రేకు తొక్కారు. కారు కుడికి లాగింది. దిగి చూశాం. ఎర్రమట్టిలో కుడి చక్రం ఈడ్చుకుపోయిన చార బారెడుంది. ఎడమవైపు చార లేదు, మామూలు టైరు అచ్చే ఉంది.

“బ్రేకు నూనె పైపులో గాలి పట్టుంటదండి” అన్నాడు మెకానిక్. గాలి తీశారు. మళ్ళీ అదే. డ్రమ్ముకు నూనె అంటిందేమోనని పెట్రోలుతో తుడిచారు. మళ్ళీ అదే. 5.20.

అమ్మ అప్పటికి నాలుగైదుసార్లు “అయ్యిందా?” అని అడిగింది. ఈసారి అడగలేదు.

“ఇక మానెయ్యండిరా. మూడోసారి కూడా ఇట్లా అయిందంటే, దేవుడు వద్దంటున్నట్టే.”

సంచి ముడి విప్పి, తువ్వాలు తీసి మంచం పట్టెకు ఆరేసింది. తరవాత చీర తీసింది.

ఏం చెయ్యాలో తోచక, వేళ రాద్దామని డైరీ తెరిచాను. పైన మధ్యాహ్నం రాసిన వరస కనిపించింది: “12.05. మొదటి షూ ఊడింది, వెనక వైపుది. చీటీ కట్టాను: ముందు.”

రెండుసార్లు చదివాను. ముందు ఊడింది కాబట్టి ముందు అని రాశాను. ముందు వైపు పెట్టమన్నానని అతను బిగించాడు. బళ్ళో నానార్థాలు చెప్పే తెలుగు మేష్టర్ని నేను.

మెకానిక్ చెవిలో, షూలు అటూ ఇటూ మార్చి చూడమంటే సరిపోయేది. అతను మార్చేవాడు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ అమ్మ సంచి ఖాళీ చేస్తోంది.

“అమ్మా, దేవుడు వద్దనలేదు” అన్నాను గట్టిగా. “తప్పు నాది. నా చీటీది.”

చెప్పింది విని బావగారు కారు మీద చరిచారు. “ఊళ్ళో బ్రేకులన్నీ ఇనుముతో పోతాయి, మా కారుది బావమరిదిగారి తెలుగుతో పోయింది!”

మెకానిక్ తల గోక్కున్నాడు. “నాకూ బిగించేటప్పుడు అనుమానం వచ్చిందండి. మేష్టారు రాసింది తప్పని ఎట్టా అంటాం?”

షూలు మార్చి బిగించేసరికి వెలుతురు తగ్గింది. బావగారు మళ్ళీ పోనిచ్చి తొక్కారు. కారు వంకర పోలేదు. మట్టిలో రెండు చారలు.

“నాకు చూపించండి” అంది అమ్మ.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. చెప్పులు విడిచి, పాదంతో ఒక చార పొడవునా తడిమింది. తరవాత రెండోది.

“ఇది పొట్టిగా ఉందేం?”

“కొత్త లైనరు కదమ్మగారూ. నాలుగు రోజులు తిరిగితే కుదురుకుంటది” అన్నాడు మెకానిక్.

అమ్మ వెనక్కి తిరిగింది. మంచం దగ్గరికి వచ్చాక పట్టె మీద చేత్తో వెతికింది. “నా తువ్వాలేదిరా? సంచిలో పెట్టు.”

మర్నాడు 5.30. అక్కయ్య ఇంట్లోంచి ఫ్లాస్కు తెచ్చి అందించింది. బావగారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేను ఎడమ తలుపు తీసి, “అమ్మా, నువ్వు ముందెక్కు” అన్నాను.

అమ్మ కదలలేదు. “ఏ ముందురా? ముందు సీట్లోనా, మీకంటే ముందా?”

బావగారి నవ్వు ఆగేసరికి కారు గేటు దాటింది. అమ్మ ముందు సీట్లోనే కూర్చుంది, రెండు చేతులతో సంచి పట్టుకుని. హనుమాన్ జంక్షన్‌లో అడ్డంగా లారీ వచ్చింది. బావగారు తొక్కారు. కారు తిన్నగా ఆగింది.

“ఆగిందా?” అంది అమ్మ.

“ఆగిందమ్మా.”

“అయితే పదండి.”