గచ్చు తొట్టిలో నడక

నీళ్ళలో దించితే బిగుసుకుపోయిన కాలు కదులుతుందన్న మాట మా ఇంటికి మొదట తెచ్చింది మా ఊరి క్రైస్తవుల వీధిలో పుట్టి, పట్నంలో మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి. సెలవుకు వచ్చినప్పుడు మా వాకిట్లో నిలబడి, మంచం మీదున్న నా భర్త కాలు వైపు చూసింది.

"అక్కా, ఎముక అతికింది. ఇంకా ఇట్లే పండబెడితే అన్న మంచానికి అతుక్కుంటాడు."

ఆయన కపిల తోలుతూ పడ్డాడు. ఎద్దులు మోకు లాగితే తోలు బానతో బావి నీళ్ళు పైకి వచ్చేవి ఆ రోజుల్లో. మోకు తెగి, ఆయన రాళ్ళ మీద పడి తొడ ఎముక విరిగింది. నెలల తర్వాత ఎముక అతికింది గానీ మోకాలు వంగదు, తుంటి నిలవదు. లేపి నిలబెడితే నొప్పికి ముఖం పాలిపోయేది.

మాది వానకు పండే నేల. తొలకరికి గొర్రు పట్టి విత్తనం వేయలేకపోతే ఆ ఏడు పంట లేదు. ఆయన అన్న, మా బావ, అప్పటికే తేల్చి చెప్పాడు: "వానలకు వీడు లేయకపోతే వీడి భాగం గుత్తకిచ్చేస్తా. ఇద్దరి చేనూ నేనొక్కణ్ణి యాడ దున్నేది?" అందులో తప్పు లేదు. కానీ గుత్తకిస్తే మేమిద్దరం కూలికి పోవలసిందే.

నర్సమ్మ అడిగింది: "మీ బావి కాడ గచ్చు తొట్టి ఉండాది కదా, ఎంత లోతు?"

రొమ్ము లోతన్నాను. పొద్దున కపిలతో దాన్ని నింపి, సాయంత్రం తూము తీసి బావ రాగి మడికి వదిలేవాళ్ళు.

"అది చాలక్కా. మధ్యాన్నానికి ఎండకు గోరువెచ్చనైతాది. ఆ వెచ్చదనానికి కండ వదులైతాది. రొమ్ము దాకా నీళ్ళుంటే కాలి మీద పడే బరువు కొంచెమే, అందుకే నొప్పి తగ్గతాది. కాలు ఎటు తోసినా నీళ్ళు ఎదురు తోస్తాయి, కండకు ఆ పనే బలం. పుండున్నా జరమొచ్చినా దించొద్దు. తల తిరిగితే వెంటనే బయటికి తీయాల. ఒక్కణ్ణే మాత్రం వదలొద్దు."

బావ ఒప్పుకోలేదు. "ఏమప్పా, వాతం పట్టిన కాలికి ఎవరన్నా నీళ్ళు తగలనిస్తారా? ఉన్న పట్టు కూడా పోతాది. ఈ కరువులో వీడికి జలకాలాటలా?"

రాగులు విసురుతున్న మా అత్త తల ఎత్తకుండానే అంది: "వాడేమన్నా ఆ నీళ్ళు తాగేస్తాడా? వాడు లేసినంక నీ రాగికే పోనీ. నీ రాగి ఏమన్నా మడి కట్టుకోనుండాదా?"

ఆ కాలపు కుల కట్టుబాటు వల్ల నర్సమ్మ మా బావి గట్టు ఎక్కడానికి లేదు. విద్య ఆమెది, నీళ్ళు మావి. గట్టు కింద ఎండలో నిలబడి కేకలేసి చెప్పింది. మొదటిరోజు నేనూ అత్తా ఆయన్ను చెరో రెక్క పట్టి మెట్ల మీదుగా దించాం. బావ చేతులు కట్టుకుని దూరంగా కూర్చున్నాడు. ఆయన వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి బిగబట్టనీయొద్దక్కా! మాట్లాడించు!"

పెద్దల ఎదుట మొగుడితో మాట్లాడి ఎరుగను. ఏం మాట్లాడాలో తోచక గోవింద నామాలు అందుకున్నాను.

"నేనింకా సావలేదు మ్మే, గోవిందలు ఆపు!" అని ఆయన విసుక్కున్నాడు. ఆ విసురులో నీళ్ళ కింద మోకాలు వంగింది. మేమంతా చూశాం. బావ లేచి నిలబడ్డాడు.

అప్పటినుంచి రోజూ దించాం. కాలు పక్కకు చాపడం, వెనక్కి తోయడం, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, తర్వాత నాలుగడుగులు. నర్సమ్మ చెప్పిన వరుస తప్పలేదు. ఆయన అడుగు వేసిన ప్రతిసారీ దేవుడికి లోలోపలే దండం పెట్టుకున్నాను.

ఇంతలో బావి అడుగంటసాగింది. బాన సగం బురదతో పైకి వచ్చేది. తొట్టిలో నీళ్ళు రొమ్ము నుంచి నడుముకు దిగాయి, దిగగానే ఆయనకు నొప్పి తిరగబెట్టింది. ఆ రోజు రెండడుగులు వేసి గోడకు వాలిపోయాడు. నేను నర్సమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె బస్సుకు బయలుదేరుతోంది, సెలవు అయిపోయింది.

"నీళ్ళు తగ్గించేది మా ఆసుపత్రిలోనూ ఉండాదక్కా. తగ్గేకొద్దీ బరువు మీద పడి కాలు నేర్చుకుంటాది. అయితే ఇంత తొందరగా కాదు. నడుము లోతంటే సగం బరువు, ఆ కండ ఇప్పుడే ఓర్సదు. ఇంకా కొన్నాళ్ళు రొమ్ము లోతు ఉండాల."

ఆ నీళ్ళు ఎక్కడినుంచి తేను? ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. బావ గుంజకు ఆనుకుని విన్నాడు. నేను దీపం వెలిగించి దాని ముందు కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం తొట్టిలో ఆయన ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు. తూము తీసే వేళకు బావ వచ్చాడు. అవతల మడిలో రాగి వెన్ను తీస్తూ, ఆకులు చుట్టుకుపోయి ఉంది. బావ తూము బిరడా మీద చెయ్యి పెట్టి, చాలాసేపు రాగి వైపే చూశాడు.

"తూము తీయన్నా," అన్నాడు నా భర్త.

"తీయను."

"రాగి ఎండిపోతాది."

"ఎండనీరా. రాగి మళ్ళా నాటుకోవచ్చు. నీ కాలు యాడ నాటేది?"

బావిలో ఊరిన కొద్ది నీళ్ళూ రోజూ తోడి తొట్టి నీళ్ళలోనే కలిపాడు. పాచి పట్టకుండా అడుగు నీళ్ళు కొంచెం కొంచెం వదిలాడు. మళ్ళీ రొమ్ము లోతైంది. రాగి మాత్రం నా కళ్ళముందే పసుపు తిరిగి, గడ్డిగా మారింది. కాలికి పట్టు వచ్చాక బావే తొట్టి నీళ్ళు బెత్తెడు బెత్తెడు తగ్గించాడు. నడుము, తొడ, మోకాలు. మోకాలి లోతులో ఆయన ఏమీ పట్టుకోకుండా తొట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచిన వారానికే వాన పడింది.

వాన పడితే మా సీమలో ఆగడానికి వీల్లేదు, పదును ఆరిపోతుంది. ఆయన గొర్రు పట్టాడు. నేను వెనక నడుస్తూ వేరుశనగ విత్తనం జారవిడుస్తున్నాను. చెయ్యి విత్తనం మీద, కళ్ళు ఆయన మడమ మీద. సాలు పొడుగునా కాలు తట్టుకుంది. సాలు చివర ఎద్దులను మళ్ళించాలంటే ఒంటి బరువంతా ఆ కాలి మీదే పడాలి. ఆయన పళ్ళు బిగబట్టి తిరిగాడు. రెండో సాలు మొదలైంది.

కొద్దిపాటి కుంటు చివరిదాకా ఉంది. చేను మాత్రం మా చేతిలోనే ఉంది. నర్సమ్మకూ, ఆ నీళ్ళకూ, అన్నిటికీ పైనున్న వాడికీ రోజూ దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

మా బావకు భార్య చిన్నతనంలోనే పోయింది, పిల్లలు లేరు. ఆయన పేరు చెప్పుకునే వాళ్ళు మా తర్వాత ఉండరు. ఇది చదివిన వాళ్ళు ఏ దేవుడికి మొక్కేవాళ్ళైనా సరే, ఒక్కసారి ఆయన్ను తలుచుకోండి.