గోడ అవతలి తడి

నా చిన్నప్పుడు కోరుట్లలో మా గల్లీ మొత్తానికి షవర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. మా నాన్న దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, సూట్‌కేసులో బట్టల మధ్య, తువాలలో చుట్టి, ఆ మెరిసే షవర్‌ను తెచ్చాడు. అక్కడి ఇళ్లలో పైపులు బయటికి కనిపించవట, గోడ లోపలి నుంచే పోతాయట. మనకూ అలాగే ఉండాలని పట్టుబట్టి బాత్రూం గోడను తొలిపించాడు. పైపు లోపల పెట్టించి, మీద తెల్లటి టైల్స్ వేయించి, సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. ఇక నేను బడిలో చెప్పుకొన్న గొప్పలకు అంతు లేదు. మా ఇంట్లో మేము చెప్పినప్పుడే వాన పడుతుందని అనేదాన్ని. ఎంత పొగరు నాకు, ఆ వయసులోనే!

బాత్రూం గోడకు అవతల పక్కింటి అత్తమ్మ వాళ్ల ముందరి గది. రెండిళ్లకూ ఆ గోడ ఒక్కటే. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ మా అమ్మ, ఆమె ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, అందుకని నాకు అత్తమ్మ అయింది. అత్తమ్మ భర్త మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ. ఆమె మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే బీడీలు చుట్టేది. ఒడిలో చాట పెట్టుకొని, ఆ గోడకు వీపు ఆనించి పొద్దంతా కూర్చునేది. తునికాకు ఎండుగా ఉంటే చుట్టేటప్పుడు పగిలిపోతుంది. అందుకని ముందురోజే నీళ్లలో తడిపి, తడి గోనెసంచిలో చుట్టి, గోడకు ఆనించి పెట్టేది. మా గొడవంతా ఆ గోనెసంచి మీదికే వచ్చింది.

ఒక చలికాలం, బాత్రూం పక్కనున్న మా పడకగదిలో అదే గోడకు సున్నం పొంగి రాలడం మొదలైంది. మా అమ్మ రోజూ ఊడ్చేది, రోజూ రాలేది. వానలు పోయి ఎన్నాళ్లో అయింది కదా, ఈ తడి ఎక్కడిదని తల బద్దలు కొట్టుకునేది. ఒకరోజు పొద్దున వాకిలి ఊడుస్తూ పక్కింట్లోకి తొంగిచూస్తే, గోడకు ఆనించి ఉన్న తడి గోనెసంచి కనబడింది. అంతే, ఆమె మనసులో లెక్క తేలిపోయింది. మా నాన్న కష్టపడి సంపాదించి, మోజుపడి పెట్టించిన షవర్ మీద అనుమానం ఆమెకెలా వస్తుంది? నాకూ రాలేదు.

మా అమ్మది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులో పెరిగినవాళ్లు మామూలుగా మాట్లాడినా పది ఇళ్లకు వినబడుతుంది, ఇక కోపం వస్తే చెప్పక్కరలేదు. చీపురు అక్కడే పడేసి గల్లీలో నిలబడి అరిచింది.

"రోజు ఆకు తడిపి తడిపి నా గోడ నానవెడుతున్నవు గదనే! ఇల్లు కూలేదాక ఊకోవా?"

అత్తమ్మ చాట పక్కన పెట్టి బయటికి వచ్చింది. "గోనెసంచి తడికి గోడ నానుతదా వదినా? జర నువ్వే ఆలోచన చెయ్యి."

"నాకు చెప్పెటంతదానివైనవా?" అని మా అమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. పని చేతగాదంది, ఆకు తడపడం కూడా రాదంది, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం తెలియదంది. వాకిళ్లు ఊడుస్తున్న ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకొని అలాగే నిలబడిపోయారు. నేను మా అమ్మ వెనకాల నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాను, మా పక్షం నెగ్గుతోందని.  అత్తమ్మ లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

గల్లీలో అన్న మాట గల్లీలో ఆగుతుందా? బీడీ కార్ఖానా మా గల్లీ చివరనే ఉండేది. ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునే టేకేదారు అక్కడ కూర్చునేవాడు. అప్పటికే అత్తమ్మ తెచ్చే బీడీలకు బూజు వస్తోందని కట్టలు కట్టలు పక్కకు పడేస్తున్నాడట. మా అమ్మ అరుపులు ఆయన చెవిన పడ్డాక కారణం దొరికినట్టే అయింది. ఆకు మితిమీరి తడుపుతున్నదన్నమాట, ఇలాంటి చేతికి ఆకు ఇస్తే నాకు నష్టం అన్నాడట. ఇంకో రెండు రోజులు చూసి ఆకు బంద్ చేస్తానని అందరిలో అనేశాడు. ఆకు బంద్ అయితే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఏం ఎక్కుతుంది? ఈ సంగతి మా ఇంటికీ చేరింది. మా అమ్మ వింటూనే రాలిన సున్నం ఊడ్చింది. ఆమె ముఖంలో కొంచెం ఇబ్బంది కనిపించింది గానీ, తన మాట తప్పని మాత్రం అప్పటికీ అనుకోలేదు.

ఇంతలో బాత్రూంలో ఒక టైల్ దానంతట అదే ఊడి పడింది. దాని వెనకాల సిమెంటు చేత్తో తీస్తే వచ్చేంత మెత్తగా ఉంది. మా అమ్మ నల్లాలు బిగించే మేస్త్రిని పిలిపించింది. ఆయన రెండు టైల్స్ తీసి, ఉలితో గోడను తొలుస్తుంటే, నాని నాని మట్టిముద్దయిన ఒక ఇటుక అవతలికి దబ్బున పడిపోయింది. గోడకు కిటికీలాగా కంత పడింది. కంతలో అడ్డంగా మా షవర్ పైపు, దాని మలుపు దగ్గర సన్నగా చిమ్ముతున్న నీళ్లు. పైపు వెనకాల అత్తమ్మ ముఖం.

మా అమ్మ, అత్తమ్మ ఆ కంతలోంచి ఒకరినొకరు చూసుకున్నారు.  నేను మేస్త్రి చంక కింది నుంచి తల దూర్చి చూశాను. మా వైపు రాలింది కాస్త సున్నమే. అటువైపు గోడ కింది నుంచి నా ఎత్తు దాకా పాకురు పట్టి ఉంది. చాట పెట్టుకొనే చోట నేలంతా తడి. కొన్నాళ్లుగా అత్తమ్మ గోడకు ఆనుకోకుండా గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టడం నేను చూస్తూనే ఉన్నాను. మా మీద అలిగి అటు తిరిగి కూర్చుందనుకున్నాను. కూర్చోవడానికి ఆమెకు తన గదిలో పొడి జాగా లేదు.

"టైల్స్ దిక్కు రాలేక నీళ్లన్ని గటే వోయినయమ్మా," అన్నాడు మేస్త్రి తన పని తాను చేసుకుంటూ.

ఆయన నీళ్లు బంద్ చేసి, మలుపు విప్పి, మరలకు కొత్తగా నూలు చుట్టడానికి సంచిలో చెయ్యి పెట్టాడు. ఆ రోజుల్లో పైపు అతుకులకు నూలు చుట్టి, తెల్ల రంగు పూసి బిగించేవారు. ఆయన దగ్గర నూలు అయిపోయింది. బజారుకు పోయి తేవాలె అని ఆయన గొణుగుతుండగానే కంతలోంచి ఒక చెయ్యి ఇటు వచ్చింది. అత్తమ్మ చెయ్యి. వేళ్ల చివర్లు తంబాకుకు పచ్చబడిన ఆ చేతిలో బీడీలకు కట్టే దారపు ఉండ ఉంది. మేస్త్రి దాన్ని తీసుకొని, నాలుగు పోగులు కలిపి పేని, అతుకుకు చుట్టి బిగించాడు. నీళ్లు వదిలితే ఒక్క చుక్క కారలేదు. కంత మూసేదాకా మా అమ్మ అటువైపు మళ్లీ చూడలేకపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ కోడికూర వండింది. ఒక గిన్నె నిండా తీసి, మూత పెట్టి, నా చేతికిచ్చి, కొత్త తువాల కప్పింది. అత్తమ్మకు ఇచ్చి రా, ఏం చెప్పకు అంది. నేను వెళ్లి గిన్నె ఆమె ముందు పెట్టాను. అత్తమ్మ తువాల తీసి చూసి, మళ్లీ కప్పేసింది.

"వాసన మంచిగ అస్తుంది బిడ్డా. మీ అమ్మ చెయ్యే మంచిది," అంది. "గని, మీ అమ్మ నన్ను గల్లీల నిలవెట్టి అన్నది. కూరేమో తువాల కప్పి తోలిచ్చింది. గిది తింటె టేకేదారు నాకు ఆకు ఇస్తడా? నేను చెప్తె తప్పించుకునెటందుకు చెప్తున్న అనుకుంటడు. పట్కపో బిడ్డా."

మరి దారం ఎందుకిచ్చావు అని అడిగేశాను, తెలివిలేనిదాన్ని. ఆమెకు కోపం రాలేదు. నీళ్లు ఆగాలె గదనే, అది పని, గిది వేరే అంది. నేను గిన్నె పట్టుకొని తిరిగి వచ్చాను. మా ఇంటి నుంచి వెళ్లిన గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. గుప్పెడు పల్లికాయలైనా వేసి పంపేవారు. ఆ రోజు మా కూర మాకే వచ్చింది. మా అమ్మ తువాల తీసి చూసి, గిన్నె పక్కన పెట్టి, అన్నం తినకుండానే పడుకుంది.

తెల్లారి బీడీలు అప్పజెప్పే వేళకు మా అమ్మ తల దువ్వుకొని, నా చెయ్యి పట్టుకొని కార్ఖానా వైపు నడిచింది. ఎందుకు వెళ్తోందో అర్థం కాగానే నా కాళ్లు సాగలేదు. అత్తమ్మను మనింటికి పిలిచి చెప్పొచ్చు కదమ్మా, అందరూ నవ్వుతారు, నాన్న పరువు పోతుంది అన్నాను. ఆమె నడుస్తూనే అంది: "ఎంత గొంతుతోని అన్ననో గంత గొంతుతోని చెప్పాలె బిడ్డా. లేకుంటె సగం నా నోట్లనే ఉంటది."

కార్ఖానా ముందు ఆడవాళ్లు చాటలు, కట్టలు పట్టుకొని వరుసగా కూర్చున్నారు. అత్తమ్మ చివరన ఉంది. మా అమ్మ వాళ్ల ముందు నిలబడి ఏదో అంది. సాంచాల మధ్య పెరిగిన మా అమ్మ గొంతు ఆ రోజు నాకే వినబడలేదు. ముందు వరుసలోని ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, ఏమంటున్నవే, జర గట్టిగ చెప్పు అంది. నేను మా అమ్మ చెయ్యి పట్టి ఇంటివైపు లాగాను. నిజంగా లాగాను, బలమంతా పెట్టి. ఆమె నా చెయ్యి వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇగో, అందరు ఇనుండ్రి! గా గోడ తడి ఈమె ఆకుది కాదు. మా ఇంట్ల షవర్ పైపు కారింది. నా నీళ్లే ఈమె ఇంట్లకు వోయినయి, నా నీళ్లకే ఈమె బీడీలు బూజు వట్టినయి. నేను తెల్వక నోరు వారేసుకున్న. తప్పు నాది, ఈమెది కాదు."

 వెనక నుంచి ఎవరో, "దుబాయి షవర్‌తోని పక్కింటికి సుత తానం వోసినవా!" అన్నారు. అందరూ ఫక్కున నవ్వారు. నాకు భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. బడిలో నేను చెప్పిన వాన కబుర్లు విన్న పిల్లల తల్లులు ఆ వరుసలోనే ఉన్నారు. మా అమ్మ నవ్వుల మధ్యలో అలాగే నిలబడింది, టేకేదారు తలెత్తి చూసేదాకా. ఆయన గోడ ఎండేదాకా సరుకు అక్కడ పెట్టకు అని అత్తమ్మతో అని, ఆమె వంతు ఆకు తక్కెడలో జోకి ఇచ్చాడు. అత్తమ్మ ఆకు మూట కట్టుకొని మా వైపు చూడకుండానే వెళ్లిపోయింది. మా అమ్మ ఇంటికొచ్చి, తలుపు వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

పొద్దుగూకే వేళకు అత్తమ్మ మా గడప దగ్గర నిలబడింది. మా అమ్మను పలకరించలేదు. "ఏమే బిడ్డా, నిన్నటి కూర ఉన్నదా, మీరే తిన్నరా?" అని నన్నడిగింది. మా అమ్మ లోపలి నుంచే, ఉన్నది, ఎవలు ముట్టలేదు, వేడి చేస్త అంది. గోడ ఎండేదాకా అత్తమ్మ మా వరండాలో కూర్చునే బీడీలు చుట్టింది. మా అమ్మను మళ్లీ వదినా అనడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. మా అమ్మ తొందరపెట్టలేదు.

ఆ రోజు మా అమ్మను చూసి సిగ్గుపడ్డాను. తర్వాత నాకూ పిల్లలు పుట్టి, నా నోటికీ సిరిసిల్ల గొంతే వచ్చిందని తెలిశాక, అలా సిగ్గుపడినందుకు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు జగిత్యాలలో నా కొడుకు ఇంట్లో ఉంటున్నాను. స్నానం చేసి రాగానే బాత్రూం గోడ అవతలికి వెళ్లి అరచెయ్యి పెట్టి చూస్తాను. మా కోడలు నవ్వుకుంటుంది. నవ్వనీ. ఆ కోడలినే ఎప్పుడైనా నలుగురిలో తొందరపడి ఒక మాట అంటాను. నాదే తప్పని తేలాక, వంటింట్లో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మెల్లగా చెప్పేస్తే పోదా అని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ నలుగురూ మళ్లీ కూడినప్పుడు నోరు తెరవబోతే, ఎవరో నా చెయ్యి పట్టి వెనక్కి లాగినట్టుంటుంది. ఆ లాగే పిల్ల ఎవరో నాకు బాగా తెలుసు. దాని చెయ్యి గట్టిగా పట్టుకొని, అందరికీ వినబడేలా చెబుతాను.