ఆ గొలుసు ఇటియ్యి

వియన్నాలోని ఆ నేలమాళిగ నాటకశాలలో, తన గుట్టు బయటపెడతారన్న బెదిరింపులకు హడలిపోయే ఇల్లాలి వేషమూ రోస్వితదే, ఆ గుట్టు పట్టుకుని పీడించే ఆడదాని వేషమూ రోస్వితదే. ఆటకు ముందు రోస్విత కాఫీలో బన్ను ముంచుకు తింటుంటే, దుస్తులు తొడిగే ట్రౌడల్ విసుక్కుంటుంది: "కాస్తయినా భయముండక్కర్లేదుటే?"

"భయమంతా నేనే పడితే వాళ్లకేం మిగులుతుందే?"

వేదికమీద ఆమె చిటికెనవేలు ఒక్కటే వణుకుతుంది. హాలంతా ఊపిరి బిగబడుతుంది. మొన్న శనివారం ఆ పీడించే ఆడదై "ఆ గొలుసు ఇటియ్యి" అని జనంవైపు చెయ్యి చాస్తే, ముందువరుసలో ఒకావిడ పాలిపోయి, తన మెడలోని గొలుసే తీసి అరచేతిలో పెట్టేసింది. అదీ నాటకమేననుకుని పక్కనున్న మొగుడు నవ్వాడు. రోస్విత గుప్పిట మూసి ఆట సాగించింది. చప్పట్లు మోగుతుండగా కిందికి దిగి, ఆవిణ్ణి కావలించుకుని, గొలుసు మెడలో వేసి కొక్కెం పెట్టింది.

"నేను వట్టి నటిని తల్లీ," అంది చెవిలో. "నిన్ను నిజంగా బెదిరించి అడుగుతున్న ఆడదానికి మాత్రం ఇవ్వకు."